గుండ్లకమ్మ గట్టున ఒక ప్రశ్న

వానాకాలం ముగిసి చలిగాలులు మొదలైన రోజుల్లో, ఒక గురువారం ఫజ్ర్ నమాజు ముగించుకుని, మదరసా పెద్ద తరగతి విద్యార్థులతో మేము దర్శి నుంచి కంభం చెరువు చూడడానికి బయలుదేరాము. దర్శి ప్రాంతం వారికి నీటి విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. సాగర్ కుడికాలువ నీరు అందిన పొలం పచ్చగానూ, అందని పొలం బీడుగానూ పక్కపక్కనే కనిపించే సీమ ఇది. ఫ్లోరైడు నీరు తాగి నడుము వంగిపోయిన పెద్దలు ఈ పడమటి మండలాల్లోని అనేక గ్రామాలలో ఉన్నారు. అటువంటి చోట పెరుగుతున్న పిల్లలకు అయిదు వందల ఏళ్ళ నాటి చెరువును చూపి, నాలుగు మంచి మాటలు చెప్పాలన్నది మా ఉద్దేశం.

పొదిలి దాటాము. మార్కాపురం సమీపించేసరికి ఎండ ఎక్కింది. పలకల ఊరది. మా తరం వారు అలిఫ్, బే రాసుకున్నదీ, అ, ఆలు దిద్దుకున్నదీ రాతి పలకల మీదనే. ఆ సంగతి పిల్లలకు చెబుతూ ఉండగా, ముందు సీటులో కూర్చున్న ఒక విద్యార్థి వ్యాను నడుపుతున్న హిందూ సోదరునితో ఉత్సాహంగా అంటున్నాడు: “అన్నా, 1965లో పాకిస్తానుతో యుద్ధం జరిగినప్పుడు మన నిజాం నవాబు అయిదు వేల కిలోల బంగారం దేశానికి దానం చేశాడు. ఖాళీ పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడంట!”

“అయిదు టన్నులే! ఎక్కడ రాసి ఉంది తమ్ముడూ?” అన్నాడతను. అడిగిన తీరులో వెటకారం లేదు. తెలుసుకోవాలన్న ఆసక్తే ఉంది.

“మా ఉస్తాద్ చెప్పారు” అన్నాడు పిల్లవాడు.

అందరూ మా వైపు చూశారు. ఆ కథను మేము తరగతిలోనే కాదు, సభల్లోనూ చెప్పి ఉన్నాము. విన్నవారు తలలూపి “మాషా అల్లాహ్” అన్నారే గాని ఎవరూ ప్రశ్నించలేదు. ఎక్కడ రాసి ఉందో మాకు తెలియదు. అయినా “రాసి ఉంది, రాసి ఉంది” అని చెప్పి, కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాము.

కంభం చెరువు కట్ట మీదకు చేరేసరికి జుహ్ర్ వేళ కావచ్చింది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ నుంచి జారిపోకుండా అడ్డుకట్ట వేసి ఆపిన నీరు అది. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. నిండినప్పుడు చెరువు పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. గజపతుల ఆడబడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవి అయిన వరదరాజమ్మ దీనిని కట్టించిందని ప్రతీతి.

కట్ట మీద గేదెలు తోలుకుపోతున్న ఒక వృద్ధుడు పిల్లలను చూసి ఆగాడు. “చెరువు ఎవరు కట్టారు తాతా?” అని ఒకరు అడిగారు.

“రాణి కట్టించిందంటారు. రాళ్ళు మోసింది మాత్రం మా బోటివాళ్ళే. వాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు నాయనా!” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నమాజు ముగిశాక, భోజనాల దగ్గర ఆ వృద్ధుని మాటనే మేము పాఠంగా తీసుకున్నాము. “ఈ నీరే దిగువకు పారి అద్దంకి పక్కగా సముద్రానికి పోతుంది. అద్దంకిలో ఒక శాసనం దొరికింది. క్రీ.శ. 848 నాటిది. తెలుగులో మనకు లభిస్తున్న తొలి పద్యాలలో ఒకటి అందులో ఉంది. ఆ పద్యం దేని గురించి? గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను జయించాడని పొగుడుతుంది. కొట్టాలు పోగొట్టుకున్న బోయల వైపు నుంచి ఒక్క ముక్క కూడా మనకు అందలేదు. మన ప్రాంతంలో తెలుగు పద్యం పుట్టిన నాడే గెలిచినవాని పొగడ్తగా పుట్టింది. అందుచేత శాసనం చదివినా, పుస్తకం చదివినా, ఇది ఎవరు రాయించారు, ఎవరి మాట ఇందులో లేదు అని అడగాలి” అని చెప్పాము.

ఒక పిల్లవాడు అడిగాడు: “ఈ కంభం కూడా మన నవాబుల రాజ్యమే కదా హజ్రత్?”

ఆ ప్రశ్నలోని “మన” అన్న మాట దగ్గర మేము ఆగాము. కంభం, మార్కాపురం సీమలు కడప నవాబుల తర్వాత మైసూరు హైదర్ అలీ, టిప్పు సుల్తానుల చేతికి వచ్చాయి. 1792లో టిప్పు సుల్తాను మీద ఇంగ్లీషు కంపెనీతో కలిసి యుద్ధం చేసింది మరాఠాలే కాదు, హైదరాబాదు నిజాం కూడా. ఆ యుద్ధంలో వాటాగా ఈ సీమ నిజాముకు దక్కింది. 1799లో టిప్పు వీరమరణం పొందిన యుద్ధంలోనూ నిజాం సైన్యం కంపెనీ పక్షాననే ఉంది. మరుసటి ఏడు, అనగా 1800లో, తన రక్షణకు ఉంచిన కంపెనీ పటాలాల ఖర్చు కింద నిజాం అలీఖాన్ ఈ జిల్లాలన్నింటినీ కంపెనీకి అప్పగించాడు. అందుకే వీటికి దత్త మండలాలని పేరు వచ్చింది. దత్తం అంటే ఇచ్చినది. ఇక్కడి రైతును అడిగి ఇచ్చినది కాదు. అది ధర్మయుద్ధమూ కాదు, మతాల పోరాటమూ కాదు. గద్దెను నిలుపుకునే బేరం. టిప్పును పొగిడే సభలోనే నిజామునూ పొగిడి, వారిద్దరి నడుమ జరిగినది దాచిపెట్టడం మనకు అలవాటైపోయింది.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఇతరుల అతిశయోక్తులను ఇంత చక్కగా విడమరచి చెబుతున్నామన్న తృప్తి మాకు కలగలేదు. పొద్దుట వ్యానులో ఆడిన మాట గుర్తుకు వస్తూనే ఉంది. ప్రతి హదీసుకూ సనద్ అడగమని, ఎవరి నుంచి ఎవరు విన్నారో గొలుసు చూపమని ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నవారము మేము. ఆ బంగారం మాటకు మా దగ్గర సనద్ ఏది?

దర్శికి తిరిగి వచ్చిన మరునాటి నుంచే వెతకడం మొదలుపెట్టాము. నిజం తేలింది. 1965లో ప్రభుత్వం జాతీయ రక్షణ బంగారు బాండ్లు జారీ చేసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ బాండ్లలో పెట్టినది 425 కిలోల బంగారం. దానిపై ఏటా ఆరున్నర శాతం వడ్డీ ఉంది. ఆ ఏడాది డిసెంబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హైదరాబాదు వచ్చినప్పుడు ఇందుకు కృతజ్ఞత చెప్పినట్టు నాటి పత్రికలు రాశాయి. అది పెట్టుబడి, దానం కాదు. తర్వాతి కాలంలో సమాచార హక్కు కింద అడిగినప్పుడు, జాతీయ రక్షణ నిధికి అటువంటి విరాళం అందిన సమాచారం తమ వద్ద లేదని ప్రధానమంత్రి కార్యాలయం జవాబిచ్చింది. మేము చెబుతూ వచ్చిన అంకె నిజానికి దాదాపు పన్నెండు రెట్లు. సైన్యాల సంఖ్య, ధనరాశుల లెక్క వచ్చినప్పుడు చరిత్ర చెప్పేవారు హద్దు మీరుతారని ఇబ్నె ఖల్దూన్ 1377లో తన ముఖద్దిమా తొలి పుటల్లోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరికను మేము చదివాము, బోధించాము. మన కథ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మరచిపోయాము.

ఒక దారం పట్టుకుని లాగితే మరికొన్ని దారాలు వచ్చాయి. అదే నిజాం పాలన చివరి ఏడాదిలో రజాకార్లు పల్లెల మీద సాగించిన దౌర్జన్యాలను మేము ఏనాడూ తరగతిలో చెప్పలేదు. వాటిని ఖండించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. ఆయన పేరు మా విద్యార్థులలో ఒక్కరికీ తెలియదు. సెప్టెంబరులో సైనిక చర్య జరిగాక అమాయక ముస్లింల మీద జరిగిన ఊచకోతలో 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. మొదటి దౌర్జన్యాన్ని దాచినవారికి, రెండవదాని గురించి న్యాయం అడిగే నోరు ఎక్కడిది? రెండింటినీ చెప్పినప్పుడే రెండింటికీ న్యాయం జరుగుతుంది.

ఈ సంగతులు పిల్లలకు చెబుతామని అనగానే మా శ్రేయోభిలాషి అయిన ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. “హజ్రత్, మన ఆనవాళ్ళను పుస్తకాల్లోంచి చెరిపేస్తున్న రోజులివి. ఉన్న కాస్త గౌరవాన్నీ మీరే తగ్గిస్తే ఎలా?” అన్నారు. ఆయన బాధ అబద్ధం కాదు. అది మా బాధ కూడా. అయినా మేము ఇలా చెప్పాము: “భాయ్ సాబ్, 425 కిలోలన్న మాట ఎవరూ పడగొట్టలేని నిజం. దానికి మనం అబద్ధాన్ని తోడు చేశాము. ఒక్క అర్జీతో ఆ అబద్ధం పడిపోయింది. పడిపోతూ నిజాన్ని కూడా తనతో లాక్కుపోయింది. ఇప్పుడు అసలు బంగారమే ఇవ్వలేదనేవారు బయలుదేరారు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఉన్నాయి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. వాటికి మన అతిశయోక్తి అవసరం లేదు.”

ఆపై ఆయనకు తెలిసిన హదీసునే గుర్తు చేశాము. హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం శిశుప్రాయంలోనే కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు చీకటయ్యాడని ప్రజలు చెప్పుకోసాగారు. అది ఆయన గౌరవాన్ని పెంచే మాట. చెప్పినవారు ప్రేమతో చెప్పినది. మౌనంగా ఊరుకుంటే చాలు, అది శాశ్వతంగా నిలిచిపోయేది. కాని గుండె పగిలిన ఆ దుఃఖంలో సైతం ప్రవక్త (స) ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు స్పష్టం చేశారు. తన బిడ్డ పేరిట పుట్టిన కీర్తినే ఆయన (స) నిరాకరించారు. ఒక నవాబు పేరిట పుట్టిన కీర్తిని మోసుకు తిరిగే అనుమతి మనకు ఎవరిచ్చారు? దివ్యఖుర్ఆన్ ఉహుద్‌లో విలుకాండ్రు స్థానం వదిలిన సంగతినీ, హునైన్‌లో సంఖ్యాబలం చూసి మురిసిన సంగతినీ దాచలేదు. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయం పక్షాన నిలబడమని ఆజ్ఞాపించింది. ఇతరుల మీది కోపం కూడా మనల్ని అన్యాయానికి పురికొల్పరాదని చెప్పింది. ఇతరులు చరిత్రను వక్రీకరిస్తే ఎదుర్కోవలసిందే. ఎదుర్కొనే చేతిలో సత్యం ఉండాలి.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు “మా అబ్బా దూదేకి పొట్టపోసుకున్నాడు. మా పిల్లలకు మాత్రం మన పూర్వీకులు అరబ్బు నుంచి గుర్రాల మీద వచ్చారని చెబుతూ వచ్చాను” అన్నారు నెమ్మదిగా.

ఈ మాట రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాము. ఎందుకంటే ఇది ఆయన ఒక్కరి ఇంటి కథ కాదు. లేని గుర్రాలను చూపి, ఉన్న దూదివిల్లును దాచే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. హలాల్ సంపాదనతో బిడ్డలను పెంచిన తాత కంటే కల్పిత రౌతు ఏ విధంగా గొప్పవాడు? తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లలు ఏదైనా ఘనమైన కథ చెప్పినప్పుడు మురిసిపోయే ముందు “ఎవరు చెప్పారు? ఎక్కడ చూశావు?” అని అడగండి. మీ ఇంటి పెద్దలు బతికి ఉండగానే వారి కష్టాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పించి, పిల్లల చేత రాయించండి.

తరువాతి శనివారం తరగతిలో మేము ముందుగా మా పొరపాటు చెప్పుకున్నాము. తెలియని దానిని తెలిసినట్టు చెప్పామని ఒప్పుకున్నాము. పిల్లల చేత అంకె దిద్దించాము. మమ్మల్ని చిన్నచూపు చూస్తారేమోనని లోలోపల జంకాము. అలా జరగలేదు. ఆ రోజు నుంచి ప్రశ్నలు ఎక్కువయ్యాయి.

ఇక మిగిలింది ఒక్కటే. తప్పు విన్నవానికి ఒప్పు కూడా చేరాలి. అసర్ తర్వాత దర్శి సెంటరులో వ్యాన్లు ఆగే చోటికి వెళ్ళాము. ఆ సోదరుడు టీ తాగుతున్నాడు. జరిగినదంతా చెప్పి, “ఆ రోజు రాసి ఉందన్నాము. రాసి లేదు. క్షమించు నాయనా” అన్నాము.

అతను తడబడి గ్లాసు కింద పెట్టాడు. “ఎంత మాట సాయిబు గారూ! నేను ఆ సంగతే మరిచిపోయా” అన్నాడు. కాసేపాగి నవ్వుతూ, “అయినా నాలుగు వందల పాతిక కిలోలంటే తక్కువా ఏంది!” అన్నాడు.

తక్కువ కాదు. సత్యం ఎంత ఉంటే అంతే చాలునన్న విశ్వాసాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.