అడుగుల లెక్క

నడవడం అందరికీ తెలిసిన విద్యయే. ఎంత దూరం నడిచామో నిజాయితీగా చెప్పడం మాత్రం కష్టమని మా నాన్నగారి వల్ల తెలుసుకొన్నాను.

గుండెజబ్బు నుండి కోలుకొన్న పిదప, క్రమంగా పెంచుకొంటూ దినమునకు 3 కిలోమీటర్లు నడవవలసిందని వైద్యుడు ఆయనకు చెప్పాడు. యౌవనంలో సర్వే పని చేసిన నాన్నగారు తన అడుగు 75 సెంటీమీటర్లని ఏనాడో కొలిచి పెట్టుకొన్నారు. అందువల్ల కుడి జేబులో 40 చింతపిక్కలు వేసుకొని, నూరడుగులకొక పిక్కను ఎడమ జేబులోనికి మార్చేవారు. పిక్కలన్నీ మారితే 4,000 అడుగులు, అనగా 3 కిలోమీటర్లు.

ఒక ఉదయం ఆయన వెంట మా కళాశాల మైదానానికి వెళ్ళాను. క్రీడోత్సవాలకై సున్నంతో గీసిన 400 మీటర్ల పరుగుబాట అక్కడ ఉన్నది. ఏడున్నర చుట్లకు ముగియవలసిన పిక్కలు ఆరు చుట్లకే ముగిశాయి! బాటలో వెలుపలి వరుసకు పోయినకొద్దీ చుట్టుకు ఏడు మీటర్లకు పైగా పెరుగుతుంది. కాని నాన్నగారు లోపలి వరుసను విడువలేదు. మరునాడు ఆయన వేసిన 20 అడుగులను టేపుతో కొలిచాను. సరిగా 12 మీటర్లు. అడుగు 60 సెంటీమీటర్లకు కుదించుకొని పోయింది. గుణకారం తప్పలేదు, అడుగు మాత్రం గడచిన వయస్సుది.

రెండు దినాలు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాని వైద్యుడు ఆ అంకెను నమ్మియే కదా సలహా ఇస్తాడు! చివరకు కాగితంపై లెక్క వేసి చూపాను. నాన్నగారు చాలాసేపు దానినే చూశారు.

“అయితే రోజుకు 600 మీటర్ల చొప్పున అప్పు పడ్డానన్నమాట!” అని నవ్వి, “ఈ కాగితమే డాక్టరుగారికి చూపిద్దాం, నాయనా” అన్నారు.

ఒక్కసారిగా పెంచవద్దని వైద్యుడు హెచ్చరించాడు. నాటినుండి వారానికొక పిక్క చొప్పున చేరుతున్నది. 50 పిక్కలైతే 3 కిలోమీటర్లు. నిన్నటికి 46 అయినవి.

సోదర విద్యార్థులారా! అడుగులను లెక్కించే నేటి యంత్రాలకు కూడా మన అడుగు పొడవు తప్పుగా ఇస్తే తప్పు దూరమే చూపుతాయి. వ్యాయామంలోనే కాదు, చదువులోనూ నిన్నటి అడుగుతో నేటి దూరాన్ని కొలవరాదు.