మార్కులు తక్కువ రావలసిన పరీక్ష

పిల్లలకి మార్కులు తక్కువొస్తే మనకి అన్నం సయించదు. కానీ మార్కులు తక్కువొస్తేనే సంతోషించాల్సిన పరీక్ష ఒకటుంది. ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం పేరుతో కొన్ని ఆఫీసుల్లో ఇప్పుడు ఈ పరీక్ష పెడుతున్నారు. సూది గుచ్చరు, రక్తం తీయరు. నాలుగు ప్రశ్నలడిగి, ముందు ముందు జబ్బొచ్చే ప్రమాదం ఎంతుందో అంచనా కడతారు.

మావారి ఆఫీసులో ఇచ్చింది షుగరు వ్యాధి కాగితం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ డాక్టర్లు మన దేశంలోని వాళ్ళ కోసమే తయారుచేసి 2005లో ప్రకటించిన లెక్క ఇది.

మీరూ వేసుకోవచ్చు. వయసు 35 లోపైతే సున్నా, 49 వరకు 20, ఆపైన 30. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపైతే సున్నా, 89 వరకు 10, 90 నుంచి 20. మగవాళ్ళకైతే ఈ హద్దులు 90, 100. వ్యాయామం, ఒళ్ళు వంచి చేసే పని రెండూ ఉంటే సున్నా, ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ప్రమాదం ఎక్కువన్నమాట.

టేపు పెట్టాల్సింది లంగా బొందు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి.

మావారికి 80 వచ్చాయి. "ఆఫీసు ఫస్టు నేనేనేమో!" అని నవ్వేసి కాగితం పక్కన పడేశారు. నేను తీసి నాకూ లెక్క కట్టాను. 46 ఏళ్ళ వయసుకి 20, నడుముకి 10, ఇంటిపనే తప్ప వ్యాయామం లేదు కనుక 20, మా నాన్నగారికి షుగరు కనుక 10. వెరసి 60!

మార్కులొచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, రక్తపరీక్ష చేయించుకోమని అర్థం. ఇద్దరం పరగడుపున వెళ్ళాం. 126 నుంచి షుగరు కిందే లెక్క. మావారికి 112, నాకు 138. ఇంకోరోజు మళ్ళీ చేయించినా అంతే. కాగితం ఇచ్చింది ఆయనకి, జబ్బు బయటపడింది నాకు! ఆఫీసు లేని మనల్ని పిలిచి ఈ ప్రశ్నలడిగేదెవరు?

ఆఫీసువాళ్ళకీ ఒక మాట. కాగితాలు ఫైల్లో పెట్టేస్తే ఎవరికి లాభం? కొన్నిచోట్ల సిగరెట్లు, మందు సంగతీ అడుగుతారు. ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని భయపడితే నిజం ఎవరు రాస్తారు? ఎవరి జవాబులు వాళ్ళకీ డాక్టరుకీ మధ్యే ఉండాలి. ప్రమాదం ఎంతమందికుందో ఆ లెక్క ఆఫీసుకి చాలు. అది చూసి క్యాంటీన్లో బజ్జీలు తగ్గించాలి, ఏడాదికోసారైనా మళ్ళీ కొలవాలి. కాగితం ఇంటికీ రావాలి. వండేది మనమే కదా!

వయసూ, తల్లిదండ్రులూ మన చేతుల్లో లేరు. నడుమూ నడకా ఉన్నాయి. మావారు రోజూ నడిస్తే 10, నడుము 90 లోపుకొస్తే ఇంకో 10 తగ్గుతాయి. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం నడుస్తున్నాం. కంచంలో ఒక గరిటె అన్నం తగ్గించి కూర, ఆకుకూర పప్పు పెంచాను. డాక్టరుగారిచ్చిన మాత్ర మానకుండా వేసుకుంటున్నాను.

30 దాటినవారి దగ్గరికి ఆశా కార్యకర్తలు ఇలాంటి ప్రశ్నలతోనే వస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. "పొయ్యి మీద కూరుంది, తర్వాత రామ్మా" అని మాత్రం పంపెయ్యకండి. స్టవ్ కట్టేసి, జవాబు చెప్పండి.