వలందపాలెం వెళ్ళొచ్చాం



ఉగాది వెళ్ళాక మేము నలుగురు స్నేహితులం హాలండ్ వాళ్ళ కళ చూసి వచ్చామని దాదర్‌లో చెబితే అందరూ నవ్వారు. "పెన్షన్ డబ్బులతో ఆమ్‌స్టర్‌డామ్ పోయారా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. లేదు తమ్ముడూ, బందరు పోయాం. దాదర్‌లో కోణార్క్ ఎక్కి బెజవాడలో దిగాం. అక్కడి నుంచి గుడివాడ మీదుగా చిన్న బండిలో మచిలీపట్నం. మాకు రైల్వే పాసు, మిగతా ముగ్గురికీ స్లీపర్ టికెట్. పులిహోర డబ్బా మాత్రం నలుగురికీ ఒకటే.

హాలండ్ చూడాలంటే బందరెందుకు అంటారా? మాలో ఒకాయన కూతురు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవు రోజున అక్కడి రైక్స్‌మ్యూజియం చూసి, ఒక పాత పూల గుడ్డ ఫోటో నాన్నకు పంపింది. ఎర్ర పూలు, మెలికలు తిరిగిన తీగలు. దాని కింద చీటీలో కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం అని ఉంది. చేసినవాళ్ళ పేరు లేదు. "కోరమాండల్ అంటే మీ రైలు బండి కదా?" అని ఆయన మమ్మల్ని అడిగాడు. రైలు పేరే, కానీ అంతకు ముందు అది మన సముద్రతీరం పేరు. చోళమండలం అన్న మాట పరదేశుల నోట్లో పడి అలా అయింది. ఆ మాట విన్నాక ఆయన ఊరుకోలేదు. వాళ్ళది పద్మశాలి కుటుంబం. నాన్న కరీంనగర్ వైపు నుంచి కామాఠిపురకు వచ్చి, పరేల్‌లో మిల్లు మగ్గాల మీద బతుకు వెళ్ళదీశాడు. "గుడ్డ అక్కడుంది, చేసిన చోటు ఇక్కడుంది. వీసా అక్కర్లేని చోటికే పోదాం పదండి" అన్నాడు.

మేము చదువుకున్నది తమిళ మీడియంలో. మా పుస్తకాల్లో హాలండ్ వాళ్ళను ఒల్లాందర్ అని రాసేవాళ్ళు. బందరులో వాళ్ళు వలందులు. వాళ్ళున్న పేట వలందపాలెం. ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళది ఫరాసుపేట. ఆటో అబ్బాయి ఈ మూడు పేర్లూ దాదర్, పరేల్, లాల్‌బాగ్ అన్నంత తేలిగ్గా చెప్పాడు.

డచ్చివాళ్ళ కంపెనీ 1602లో పుట్టింది. 1605లోనే వాళ్ళ ఓడ బందరు వచ్చింది. 1610లో పులికాట్‌లో దిగి, తర్వాత అక్కడ కోట కట్టారు. వాళ్ళకు కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి దొరికేది జావా వైపు దీవుల్లో. ఆ దీవుల జనం అడిగింది మన గుడ్డ. అందుకని ఇక్కడ గుడ్డ కొని, అక్కడ ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు హాలండ్‌కు పట్టుకుపోయేవాళ్ళు. మలయా దేశంలో గళ్ళ లుంగీని ఇప్పటికీ పెలికాట్ అంటారు. అది పులికాట్ పేరే.

కొంత గుడ్డ హాలండ్‌కూ చేరింది. మన పెద్దవాళ్ళు చీటిగుడ్డ అన్నదాన్ని వాళ్ళు సిట్స్ అన్నారు. ఉతికినా రంగు పోని పూల గుడ్డ అప్పటికి యూరప్‌లో ఎవరికీ చేయడం రాదు. అక్కడి దొరలు ఇంట్లో తొడుక్కునే పొడుగు అంగీలు దీనితో కుట్టించుకున్నారు. హిండెలోపెన్ అనే ఊళ్ళో ఆడవాళ్ళు మామూలు రోజుల్లో ఎర్ర పూల చీటి, ఇంట్లో చావు జరిగితే నీలం చీటి తొడుక్కునేవాళ్ళు. అంటే ఎక్కడో చలిదేశంలో ఒకావిడ దుఃఖానికి రంగు వేసింది మన నీలిమందు. ఇప్పుడు ఆ బట్టలు డచ్ సంస్కృతి అని మ్యూజియంలో ఉన్నాయి. అది అబద్ధం కాదు, సగం నిజం.

బొమ్మల సంగతీ అంతే. వాళ్ళ గొప్ప చిత్రకారుడు రెంబ్రాంట్ మొగలాయి చిత్రాలు ముందు పెట్టుకుని, చూసి గీసుకున్నాడు. గోల్కొండలో 1686 ప్రాంతంలో గీసిన రాజుల బొమ్మల పుస్తకం ఒకటి ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా చేసిన విట్సెన్ దొర పేరుతో దాన్ని విట్సెన్ ఆల్బమ్ అంటారు. కొన్నవాడి పేరు పుస్తకానికి వచ్చింది. గీసినవాడి పేరు లేదు.

బందరుకోటలో వలందుల సమాధులు చూశాం. ఎండ మండిపోతోంది. పెద్ద రాతి పలకలు, వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలు, చుట్టూ అక్షరాలు. మాకు ఆ భాష రాదు. కానీ పేరేదో, తారీఖేదో గుర్తుపట్టగలం. నలభై ఏళ్ళు రిజిస్టర్లు చూసిన కళ్ళు కదా. 1864 తుఫానులో బందరులో సుమారు ముప్పై వేల మంది పోయారు. అంత ఉప్పెన వచ్చిన ఊళ్ళోనూ ఈ రాళ్ళ మీద పేర్లు చదవగలిగేలా ఉన్నాయి.

మర్నాడు పెడన. ఇప్పుడు అక్కడ కలం కంటే చెక్క అచ్చులే ఎక్కువ. గుడ్డను కరక్కాయ నీళ్ళు, గేదె పాలల్లో తడిపి ఆరేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపుకి వెనకటి రోజుల్లో చిరివేరు వాడేవాళ్ళట. తమిళంలో సాయవేర్ అనేది అదే. మా మిల్లు స్నేహితుడు కూతురు పంపిన ఫోటో చూపించి, "ఈ పువ్వు ఎవరు వేసి ఉంటారు బాబూ?" అని అడిగాడు. అచ్చు వేస్తున్న పెద్దాయన చెయ్యి తుడుచుకుని ఫోటో చూశాడు. "పేరు ఎవరు రాస్తారండీ? పని అయ్యాక గుడ్డ పోతుంది, కూలి వస్తుంది" అన్నాడు. మా స్నేహితుడు ఇంకేమీ అడగలేదు. తిరుగు బండిలో కూడా చాలాసేపు మాట్లాడలేదు.

డచ్చివాళ్ళు రాయడంలో గట్టివాళ్ళు. ఆ కంపెనీ కాగితాలు ఇప్పటికీ రెండున్నర కోట్ల పుటల దాకా మిగిలి ఉన్నాయి. కొన్ని మద్రాసు ఎగ్మోర్‌లోని ప్రభుత్వ భాండాగారంలో కూడా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. గుమాస్తా పని చేసినవాళ్ళం, ఆ శ్రద్ధకు దండం పెడతాం. కానీ అదే దఫ్తరంలో ఇంకో లెక్క కూడా ఉంది. కరువు వచ్చినప్పుడల్లా ఈ తీరం నుంచి వేల మందిని బానిసలుగా కొని, బటావియాకు ఓడల్లో పంపారు. వాళ్ళు లెక్కకు ఎక్కింది తలకాయల సంఖ్యగా. మూటలు ఇన్ని, మనుషులు ఇంతమంది. రిజిస్టరు ఉంటే చాలదు, అది ఎవరి చేతిలో ఉందో చూడాలి. కొనేవాడు రాస్తే మనం సరుకు కింద పడతాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కామాఠిపుర గల్లీలన్నీ పడగొట్టి కొత్తగా కడతారన్న మాట మీకందరికీ తెలుసు. అప్పుడు లెక్కకు వచ్చేది భాడా రసీదు మీద ఉన్న పేరు. ఒక ఖోలీలో పన్నెండు మంది షిఫ్టుల వారీగా పడుకున్నారు. రసీదు ఒక్కడిది. మిగతా పదకొండు మంది ఎవరు? వాళ్ళకు అన్నం వండిపెట్టిన ఖానావళి అక్క ఎవరు? 1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలయ్యాక ఊరికి పోయి తిరిగి రానివాళ్ళు ఎవరెవరు? దక్షిణ ముంబయి రాళ్ళు మోసి గోడలు లేపిన కామాఠీల పేరు ఒక పేటకు మిగిలింది. మనుషుల పేర్లు మిగల్లేదు.

"రాసి ఏం చేస్తాం అన్నా, ఖోలీ వస్తుందా?" అని మాలోనే ఒకాయన అన్నాడు. రాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాం. మనం రాసే పుస్తకం ఏ ఆఫీసులోనూ చెల్లదు. అయినా రేపు మన మనవరాలు ఎవరైనా అద్దాల వెనక మన వస్తువు చూసి, "ఇది ఎవరిది?" అని అడిగితే, జవాబు మన దగ్గర ఉండాలి.

కాబట్టి సంఘంలో ఒక రిజిస్టరు తెరుస్తున్నాం. ఒక్కొక్కరికి ఒక వరుస. పేరు, ఊరు, ముంబయి వచ్చిన ఏడు, ఉన్న గల్లీ, చేసిన పని. ఆడవాళ్ళకు "ఫలానావారి భార్య" అని రాయం, సొంత పేరు రాస్తాం. మిల్లు కార్డు, పాత రేషన్ కార్డు, పెళ్ళి పత్రిక, ఏది ఉన్నా పట్టుకు రండి, చూసి మీవి మీకే ఇచ్చేస్తాం. ఏమీ లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకురండి, వాళ్ళు చెబితే రాసుకుంటాం.

ఈ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం 4 గంటలకు దాదర్‌లో, మనం ఎప్పుడూ కూర్చునే చోటే. మొదటి వరుసలో మా మిల్లు స్నేహితుడి నాన్న పేరు రాసేశాం. రెండో వరుస ఖాళీగా ఉంది.