జానెడు బస్సు

డిసెంబరు నెల. ఢిల్లీ నగరంపై పొగమంచు దట్టంగా కమ్ముకొని ఉన్న ఒక సాయంకాలం. ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక ఇరుకు సందులో, మూడవ అంతస్తు గదిలో నల్గొండ జిల్లా యువకుడొకడు మంచం క్రింది నుండి ఒక అట్టపెట్టెను బయటకు లాగాడు. రెండేళ్ళ క్రితం జర్మనీలో చదువుకొంటున్న మిత్రుడు సెలవులకు వచ్చినపుడు ఇచ్చిన కానుక అది. "పరీక్షలయ్యాక విప్పుతాను" అని ఆనాడు దానిని దాచిపెట్టాడు. ఆ ఉదయమే సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఆ జాబితాలో అతని సంఖ్య లేదు. ఇది ఐదవ ప్రయత్నం. ఇక మిగిలినది ఒక్కటే.

ఇంటికి ఆ వార్త చెప్పడానికి ధైర్యం చాలలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. పెట్టె విప్పాడు.

దేశవిభజన నాడు పశ్చిమ పంజాబు నుండి సర్వస్వం కోల్పోయి వచ్చిన శరణార్థులకై ఏర్పడిన పేట అది. ఒకనాటి చిన్నచిన్న ఇళ్ళే నేడు అంతస్తులై, అంతస్తులు గదులై, దేశం నలుమూలల నుండి వచ్చే అభ్యర్థులకు ఆశ్రయమిస్తున్నాయి. 2024 జులై 27న ఒక భవనపు నేలమాళిగలోనికి వాననీరు చొచ్చుకొని వచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించినది ఈ పేటలోనే. ఆశకు ఇక్కడ అద్దె ఎక్కువ. స్థలం తక్కువ.

పెట్టెలో ఉన్నది 1930ల దశాబ్దంలో ఓపెల్ బ్లిట్జ్ లారీ చట్రంపై ఎస్సెన్ నగరానికి చెందిన లూడెవిగ్ కర్మాగారం నిర్మించిన బస్సుకు నమూనా. జర్మనులు దానిని 'ష్ట్రాసెన్‌జెప్' అన్నారు. అంటే రోడ్డుమీది జెప్పెలిన్ అని అర్థం. అంతకు పూర్వం బస్సు అంటే చక్రాలపై నిలిపిన పెట్టె. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినపుడు హైదరాబాదు వీధులలో తిరిగిన ఆల్బియన్ బస్సుల ఆకారం కూడా అదే. కాని జర్మనీలో వేగమార్గాలు వెలిసిన తరువాత ఒక చిక్కు ఎదురయింది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. ఇంజను బలం పెంచడం ఒక ఉపాయం. గాలికి దారి ఇవ్వడం ఇంకొక ఉపాయం. మూలలను గుండ్రంగా మలచి, వెనుకభాగాన్ని నీటిబొట్టువలె సన్నగా దిద్దినవారు రెండవ ఉపాయాన్ని ఎన్నుకొన్నారు.

నమూనా పరిమాణం అసలులో 72వ వంతు. ఆరడుగుల మనిషి అందులో అంగుళం ఎత్తే ఉంటాడు. బస్సు మొత్తం జానెడు కంటె తక్కువ. ప్లాస్టిక్ చట్రాల నుండి ఒక్కొక్క ముక్కను చిన్న కత్తెరతో వేరుచేసి, అంచులను గరుకుకాగితంతో నునుపు చేసి, జిగురు పూయకముందే అతికించి చూచుకోవాలి. ఆ జిగురు నిజానికి అంటించదు. ప్లాస్టిక్‌ను కరిగించి, రెండు ముక్కలను ఒకటిగా కలిపివేస్తుంది. తొందరపడితే వ్రేలిముద్ర శాశ్వతంగా నిలిచిపోతుంది. ఐదేళ్ళుగా గడియారంతో పందెం వేస్తూ చదివిన ఆ యువకునికి, ఆరేవరకు ఏమీ చేయకుండా కూర్చోవడమే అన్నిటికంటె కష్టమనిపించింది.

మూడవ రాత్రి రంగు వేశాడు. సూచనల కాగితంలోని రంగులు కాక, ఎరుపు. పల్లెటూరివాడని వెక్కిరించవలసివస్తే మనవాళ్ళు "ఎర్రబస్సెక్కి వచ్చాడు" అంటారు. ఆ యువకుని తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళు ఆర్టీసీలో ఆ ఎర్రబస్సే నడిపి, పదవీ విరమణ చేసినవాడు. డీజిలు పొదుపు చేసినందుకు డిపోలో ఆయనకు లభించిన ప్రశంసాపత్రం ఇప్పటికీ ఇంటి గోడమీద ఉన్నది.

చివరకు మిగిలినవి కిటికీ అద్దాలు. వాటికి తెల్లజిగురు వాడవలసి ఉండగా, త్వరగా ముగించాలన్న ఆత్రంతో క్షణంలో పట్టుకొనే ఘాటైన జిగురు వాడాడు. తెల్లవారి చూచేసరికి దాని ఆవిరి పట్టి అద్దాలన్నీ మసకబారి ఉన్నాయి. ఇరవైరోజుల శ్రమ. దానిని బల్లమీద పెట్టి అతడు చాలసేపు చూచాడు. తరువాత ఫోను తీసికొని తండ్రికి చేశాడు. ముందు బస్సు సంగతి చెప్పాడు. గొంతు పూడుకుపోగా, పరీక్ష సంగతి కూడా చెప్పాడు.

అవతల కొంతసేపు నిశ్శబ్దం. పిదప తండ్రి అన్నాడు: "అద్దం మసకబడితే బస్సు ఆపి తుడుసుకొని పోతం గానీ, బస్సును ఇడిసిపెట్టి పోతమా బిడ్డా? ముందు ఇంటికి రా. పది దినాలుండి పో."

ఆ మసక తుడిస్తే పోయేది కాదు. కాని పారదర్శకమైన వార్నిష్‌ను పలుచగా పూస్తే చాలవరకు కప్పిపోతుందని మిత్రుడు చెప్పాడు. కుంచెతో ఒక్కొక్క కిటికీకి పూశాడు. నిన్నటి మసక అద్దాలలో మెల్లమెల్లగా వెలుతురు నిలిచింది. వెనుక కిటికీ ఒక్కటి మాత్రం అలాగే మిగిలిపోయింది. దానిని అతడు మళ్ళీ ముట్టలేదు.

మిఠాయిపెట్టెలో దూదిపరచి, ఆ బస్సును తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌లో ఒడిలోనే పెట్టుకొని ఊరు చేర్చాడు. తండ్రి కళ్ళజోడు సవరించుకొని, ఇరుసులు, చక్రాలు, ముందరి గుండ్రని భాగం, వెనుక వాలు అన్నీ పరీక్షగా చూచాడు. మసక కిటికీ కూడా ఆయన దృష్టిని తప్పించుకోలేదు. దానిని గూర్చి ఏమీ అనలేదు. లోపలికి తొంగిచూచి మాత్రం ఆశ్చర్యపోయాడు.

"స్టీరింగు ఎడమదిక్కున్నదేందిరా?"

"జర్మనీ బండి నాన్నా. అక్కడ అట్లనే ఉంటది."

తండ్రి ఆ బస్సును అరచేతిలో అటూ ఇటూ త్రిప్పి, ప్రశంసాపత్రం క్రింది గూటిలో పెట్టాడు.

"ఏమైతది? పది కిలోమీటర్లు తోలితే అదే అలవాటైతది."