మర్నాటి పేపరు, రెండున్నరేళ్ల తర్వాతి పేపరు

పొద్దున్నే కాఫీ చల్లారిపోతున్నా పేపరు వదలని బాపతేగా మీరూ! అయితే 2019 డిసెంబరు 7 నాటి పేపరు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందురోజు తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఓ అమ్మాయిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లే జనం, రాఖీలు కట్టే ఆడవాళ్లు, మిఠాయిలు. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఎవరికైనా కడుపు రగిలిపోతుంది. కాబట్టి జనాన్ని నేనేమీ అనను. పేపరు సంగతే నా గొడవ.

నిందితులు రాళ్లు, కర్రలతో తిరగబడ్డారు, తుపాకులు లాక్కున్నారు, లొంగిపొమ్మన్నా వినలేదు, తప్పక కాల్చాం అని ఆ మధ్యాహ్నం పోలీసులు అక్కడే విలేకరులకు చెప్పారు. ఇలాంటి వార్త ఎప్పుడైనా జాగ్రత్తగా చదివి చూడండి. ‘అని పోలీసులు తెలిపారు’ అన్నది మొదటి పేరాలో ఉంటుంది. మూడో పేరాకొచ్చేసరికి అది మాయమై, విలేకరే చెట్టు చాటున నిలబడి చూసినట్టు కథ సాగిపోతుంది.

ఈ కాల్పుల మీద సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. ఆరు నెలల గడువు సాగీ సాగీ, నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. తుపాకులు లాక్కున్నారన్నది నమ్మేలా లేదంది. చంపాలనే కాల్చారంది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లేనని కూడా తేల్చింది. ఈ నివేదికను పోలీసులు ఒప్పుకోలేదు, వ్యవహారం హైకోర్టుకెళ్లింది. వార్త రాలేదని నేననను, వచ్చింది. కానీ పూల ఫొటో గుర్తున్నంతగా ఈ నివేదిక ఎంతమందికి గుర్తుందో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

పోలీసుల మాటే వార్తయిపోతోందని మండల విలేకరిని తిట్టి లాభం లేదు. చాలామందికి జీతమే ఉండదు, రాసిన లైన్ల లెక్కన వచ్చే లైన్ అకౌంటు డబ్బులే. రోజూ వార్త కావాలంటే స్టేషన్‌కు వెళ్లాలి. ఎస్సైతో చెడితే రేపటినుంచి దొంగతనం వార్త కూడా దొరకదు. పైగా 1989లో ‘ఈనాడు’ మొదలుపెట్టిన జిల్లా అనుబంధాల పద్ధతి అందరికీ అంటుకున్నాక, పాడేరు కొండల్లో జరిగిన ఘోరం జిల్లా పేజీలోనే పుట్టి అక్కడే పోతోంది. హైదరాబాద్‌లో కాఫీ తాగేవాడి దాకా రాదు.

అయినా పత్రికలు తలుచుకుంటే ఏం చేయగలవో 1980లోనే చూశాం. బిహార్‌లోని భాగల్పూర్‌లో పోలీసులు ముప్పైమందికి పైగా విచారణ ఖైదీల కళ్లు పొడిచి, యాసిడ్ పోశారు. పాట్నాలో ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ విలేకరి అరుణ్ సిన్హా ఆ సంగతి తవ్వి తీశారు. తమాషా ఏమిటంటే, అక్కడి జనమూ పోలీసుల పక్షానే ఊరేగింపులు తీశారు, దొంగల పీడ విరగడైందని. పత్రిక మాత్రం జనం ముఖం చూసి ఆగలేదు. వరసగా రాసింది. సుప్రీంకోర్టు కదిలింది, చూపు పోయినవాళ్లకు న్యాయ సహాయం ఇవ్వకపోవడం ఏమిటని నిలదీసింది. నాకు మొదటిరోజు వార్త కంటే ఆ వరసే గొప్పగా తోస్తుంది.

పెద్ద పరిశోధన బృందం లేదంటారా? అక్కర్లేదు. పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఏం చేయాలో 2014లో సుప్రీంకోర్టు పదహారు అంశాలు రాసిపెట్టింది. ఎఫ్‌ఐఆర్ కట్టారా? దర్యాప్తు ఆ స్టేషన్ చేతిలోనే ఉందా, సీఐడీకో వేరే స్టేషన్‌కో అప్పగించారా? చనిపోయినవాడి ఇంటికి కబురు పెట్టారా? మెజిస్ట్రేటు విచారణ ఎంతదాకా వచ్చింది? ఫోన్లో అడిగే ప్రశ్నలే ఇవన్నీ. జవాబు చెప్పకపోతే ‘చెప్పలేదు’ అని రాయొచ్చు, అదీ వార్తే. నెల తర్వాత మళ్లీ ఫోన్ చేసి మళ్లీ అడగొచ్చు. ఈసారి మీ ఊరి విలేకరి టీకొట్టు దగ్గర కనిపిస్తే, ఆ రెండో ఫోన్ సంగతి అడగండి.