గరిట ఎవరి చేతిలో?

"ఈ కోడింగూ, ఈ మీటింగులూ ఇక నావల్ల కాదు, అమెరికా పోయి ఓ టిఫిన్ సెంటర్ పెట్టుకుంటా" అనే మాట ప్రతి ఆఫీసు క్యాంటీన్లోనూ వినపడేదే. నేనూ మా ఆవిడా కూర్చుని లెక్కలు కూడా వేశాం. ధైర్యం ఉంది, కాస్తో కూస్తో డబ్బుంది. లేనిది వీసా!

హెచ్-1బీ మీద వెళ్ళినవాడు హోటల్లో వాటా కొనొచ్చు గానీ గరిట పట్టకూడదు. చిన్న వ్యాపారులకిచ్చే ఈ-2 వీసాకి అమెరికాతో ఒప్పందం ఉండాలి, మన దేశానికి లేదు. ఈబీ-5 అంటారా, 2022 చట్టం ప్రకారం తక్కువలో తక్కువ 8 లక్షల డాలర్లు పెట్టి, పదిమందికి ఉద్యోగాలివ్వాలి. అంత డబ్బే ఉంటే ఇడ్లీలమ్మడం దేనికండీ?

మిగిలింది ఒకటే దారి. గ్రీన్ కార్డు వరుసలో కొంత ముందుకెళ్ళిన హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో 2015 నుంచి పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు. దానిమీద సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. అంటే కొట్టు మా ఆవిడది, అది నిలబడాలంటే నా ఉద్యోగం ఊడకూడదు. ఊడితే మహా అయితే 60 రోజుల గడువు. ఏ ఆఫీసు నుంచి పారిపోదామనుకున్నానో దానికే ఇంకా గట్టిగా కట్టేసుకోవాలన్నమాట!

"అమెరికా కావాలా, కొట్టు కావాలా?" అనడిగింది మా ఆవిడ. కొట్టే అన్నాను. కూకట్‌పల్లిలో అద్దెకి చూస్తున్నాం.