సూదిమొన

లోహశాస్త్రము చదువుటకు నేను ఇల్లు విడిచిననాడు మా యమ్మ నాతో మాటలాడలేదు. కుట్టు నేర్వవలసిన వయసున ఆడుపిల్లకు ఇనుముతో నేమి పని యని యామె దుఃఖము. నా యుద్యోగమంతయు సూదులతోనే గడచునని అప్పుడు మా యిద్దఱికిని తెలియదు.

సోదరీమణులారా, మన కుట్టుసూది యెంత వాడిదైనను సూక్ష్మదర్శినిలో రోకలి మొనవలె కనబడును. మేము చేయు సూదిమొన తలవెండ్రుకలో నించుమించు వెయ్యవ వంతు. సన్నని లోహపు తీగను రసాయనద్రవములో ముంచి, విద్యుత్తు పంపి, మెల్లమెల్లగా కరగించి దానిని తీర్చుదుము. నా సూదులెన్ని పరీక్ష నడుమనే విఱిగినవో!

ఈ విద్యకు ఆద్యుడు ఎర్విన్ ముల్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. 1955 అక్టోబరు 11వ తేదీని అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆయనయు, కన్వర్ బహదూర్ అను శిష్యుడును టంగ్‌స్టను సూదిని మిక్కిలి చల్లబఱచి, దానిచుట్టు కొంచెము హీలియము వాయువు నుంచి, మొనకు వేలకొలది వోల్టుల విద్యుత్తు నిచ్చిరి. మొనమీది యొక్కొక్క పరమాణువు కడనుండి హీలియము కణములు తిన్నగా వెడలి తెరకు తాకగా, ఆ పరమాణువులు వెలుగుచుక్కలై కనబడెను. అంతకుముందు వానిని విడివిడిగా చూచినవారు లేరు. తరువాత 1967లో ముల్లర్, తన తోడివారితో గూడి, పరమాణువు నూడదీసి, అది తెరను చేరు కాలమునుబట్టి ఏ మూలకమో నిర్ణయించు యంత్రమును కల్పించెను. నా కూడు పెట్టినది ఆ యంత్రమే.

చాల యేండ్లకు అమ్మ మా యింటికి వచ్చి, “ఇన్నాళ్లు ఏమి చూచినావే?” అని యడిగెను. టంగ్‌స్టను మొన ఛాయాచిత్రము నొకదానిని ఆమె చేతికిచ్చితిని. వలయములు వలయములుగా చుక్కలు. ఆమె కన్నులకు దగ్గఱగా పట్టుకొని, “ఇది ముగ్గుకదే! ఈ వరుసలో ఒక చుక్క మఱచినారు,” అనెను.

నేను నివ్వెఱపడితిని. మఱచినది కాదు, అచ్చట పరమాణువే లేదు. శిష్యులకు నేను వారములకొలది నేర్పునది ఆ ఖాళీని గుర్తించుటయే. అల్యూమినియములో కొంచెము రాగి కలిపి, కాచి, చల్లని నీట ముంచినచో ఇట్టి ఖాళీలు లోపల చాల నిలిచిపోవును. వానిగుండ రాగి పరమాణువులు జరిగి గుంపులు కట్టును. తోడువేసిన పాలను కదపకుండ నుంచినట్లు ఆ లోహమును కొన్ని దినములు ఊరకుంచిన చాలును, తనంతట గట్టిపడును. ఇదియంతయు అమ్మకు చెప్పితిని. ఎంత తెలిసెనో కాని మధ్య నాపలేదు.

ఆ సాయంకాలము నా చీర చెఱగు చినిగియుండగా ఆమె కుట్టుటకు కూర్చుండెను. దారమెక్కించి, సూదిని దీపమున కెదురుగా పట్టుకొని చాలసేపు దాని మొననే చూచుచుండెను.